‘నీట్’ అను ఇంగ్లీషు విశేషణము — దాని అర్థము, పుట్టుక, ప్రయోగము

పాఠశాలలో ఉపాధ్యాయుల నోట దినమునకు పలుమార్లు వినవచ్చు ఇంగ్లీషు విశేషణములలో ‘నీట్’ అనునది యొకటి. ‘నీట్‌గా వ్రాయుము’, ‘నీట్‌గా దుస్తులు ధరించి రమ్ము’, ‘బల్లను నీట్‌గా ఉంచుము’ అని వారు చెప్పుచుందురు. జవాబు కాగితముపై ఎర్రసిరాతో ఈ మాట వ్రాయబడినచో విద్యార్థి మొగము వికసించును. ‘నాట్ నీట్’ అని వ్రాయబడినచో చిన్నబోవును. ఇంత తరచుగ వాడబడు మాటకు అర్థమేమని అడిగినచో పెక్కుమంది ‘శుభ్రము’ అని చెప్పి ఊరకుందురు. ఆ అర్థము తప్పుకాదు గాని చాలదు. మరియు ఈ మాటను బడిలో ఒక విధముగను, ఇంటివద్ద మరియొక విధముగను గ్రహించుటచేత పిల్లలకును తల్లిదండ్రులకును కొన్ని చిక్కులు కలుగుచున్నవి. కావున దీని పుట్టుపూర్వోత్తరములను కొంచెము విచారింతము.

ఒకే ధ్వని గల మాటలు

మొట్టమొదట ఈ మాటను దానివలె వినబడు ఇతరపదములనుండి వేరుచేయవలెను.

ఈ దినములలో ‘నీట్’ అనగనే పై తరగతుల విద్యార్థులకు వైద్యకళాశాలల ప్రవేశపరీక్ష జ్ఞప్తికి వచ్చును. 2013వ సంవత్సరమున మొదటిసారి జరుపబడిన ఆ పరీక్ష పేరు కొన్ని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములను కూర్చి చేసినది. దానికిని మన విశేషణమునకును సంబంధము లేదు.

ఇంగ్లీషునందే ‘నీట్’ అను మరియొక పాతమాట కలదు. దానికి ఎద్దు, ఆవు మొదలగు పశువులని అర్థము. పసుల కాపరిని పూర్వము ‘నీట్‌హర్డ్’ అనెడివారు. పశువుల కాలి ఎముకలనుండి తీసి తోలును మెత్తపరచుటకు వాడు నూనెను నేటికిని ‘నీట్స్‌ఫుట్ ఆయిల్’ అందురు. ఈ మాట ఇంగ్లీషువారి పూర్వికుల సొంతమాట. ఉపయోగించుట, అనుభవించుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. పశువే మనుష్యుని అనుభవములోని ఆస్తియని దాని భావము. మన తెలుగునందును ‘సొమ్ము’ అను మాటకు ధనమనియు, కొన్ని సీమలలో పశువులనియు అర్థము కలదు గదా! లోకమంతట సేద్యగాండ్ర ఆలోచన ఒక్కటే.

ఇక మన భాషలోనికి వత్తము. ‘నీరు’ అను మాటకు విభక్తులు చేరునపుడు ‘నీటితో, నీటికి, నీటియందు’ అగును. ఇది ఒకటి. ‘నీటు’ అను వేరొక తెలుగుమాట కూడ కలదు. సొగసు, ఒయ్యారము, టీవి అని దాని అర్థము. సొగసుకాని నీటుకాడు అనియు, సొగసుకత్తెను నీటుకత్తె అనియు పూర్వులు వాడిరి. సి. పి. బ్రౌను దొర 1852లో మదరాసున ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువునందు ఈ మాట తెలుగుమాటగనే కనబడును. కావున ‘నీటు’ అనునది ఇంగ్లీషు చదువుతో మన ఊళ్లకు వచ్చినది కాదు.

అట్లయిన ఇంగ్లీషువారే మన ‘నీటు’ను తీసికొనిపోయిరా? అదియును కాదు. ధ్వని కలిసినంతమాత్రమున చుట్టరికము కలుగదు. దీనికి మన ప్రాంతముననే మంచి దృష్టాంతము కలదు. కొయ్యబొమ్మలకును వర్ణచిత్రములకును పేరుగాంచిన నిర్మల పట్టణము పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 నుండి ప్రత్యేక జిల్లాకు కేంద్రము. ఆ పేరు విన్నవారు ‘నిర్మలము, అనగా మలినము లేని ఊరు’ అని వెంటనే అర్థము చెప్పుదురు. కాని నిమ్మనాయుడను పాలకుని పేరుమీద ఆ ఊరికి పేరు వచ్చినదని అచ్చటి పెద్దలు చెప్పుదురు. మనకు తెలిసిన మాట చెవికి తగిలినప్పుడు, తెలియని మాటను దానితో ముడిపెట్టుట మనస్సునకు సహజము. ఆ ముడి సరియైనదో కాదో పరీక్షించుటయే పదవిద్య.

ఇంగ్లీషు మాట పుట్టుక

ఇంగ్లీషు ‘నీట్’కు మూలము రోమనుల భాషయగు లాటిను. ఆ భాషలో ‘నితేరే’ అనగా ప్రకాశించుట. ‘నితిదుస్’ అనగా ప్రకాశించునది, మెరుగు గలది. ఈ పదము ఫ్రెంచి భాషలో అరిగి ‘నెత్’ అయినది. తేట, స్పష్టము, శుద్ధము అను అర్థములు దానికి కలిగినవి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు వేలకొలదిగ ఇంగ్లీషులో ప్రవేశించినవి. ఆ త్రోవనే ఈ మాటయు వచ్చి, 16వ శతాబ్ది నాటికి ‘నీట్’ అను రూపమున మురికిలేనిది, పొందికయైనది అను అర్థములలో వాడుకకెక్కెను.

ఇచ్చట ఒక వింత గమనింపదగియున్నది. మన ‘శుభ్రము’ సంస్కృతమున ‘శుభ్’ అను ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువునకును ప్రకాశించుటయే అర్థము. శుభము, శోభ, శుభ్రము ఈ మూడును ఒక తల్లి బిడ్డలు. నీట్, శుభ్రము అను మాటలకు ధ్వనిలో పోలికలేదు, అయినను రెండును వెలుగునుండియే బయలుదేరినవి. నీట్, నీటు అను మాటలకు ధ్వని ఒక్కటే, అయినను పుట్టుక వేరు. చెవి చెప్పిన సాక్ష్యము ఎంత నమ్మరానిదో దీనివలన తెలియును.

‘నెట్’ అను తోబుట్టువు

ఆ లాటిను మాటయే మరియొక రూపమున మన ఇండ్లలోనికి ప్రతిదినము వచ్చుచున్నది. ఎరువుల బస్తామీదను, సిమెంటు సంచిమీదను, బిస్కత్తుల పొట్లముమీదను ‘నెట్ వెయిట్’ అని అచ్చువేయబడియుండును. ఈ ‘నెట్’ మన ‘నీట్’కు తోబుట్టువు. చేపలుపట్టు వలకును, బంతియాటలో కట్టు వలకును ‘నెట్’ అని పేరున్నది గాని అది వేరు కులపు మాట.

ఒక సంచి వడ్లు తూచినపుడు సంచితో కూడ 40 కిలోల 600 గ్రాములు తూగినదనుకొందము. ఇది ‘గ్రాస్’, అనగా మొత్తపు బరువు. ఖాళీ సంచి 600 గ్రాములు. దీనిని ‘టేర్’ అందురు. తీసివేయదగినది అను అర్థముగల అరబ్బీ మాటనుండి ఇది వచ్చినది. సంచి బరువు తీసివేయగా మిగిలిన 40 కిలోలు ‘నెట్’. తెలుగున దీనికి ‘నికరము’ అను చక్కని మాట కలదు. తూకపు చీటిలో ఈ మూడు మాటలను వేరువేరుగ చదువగలిగిన బాలుడు తండ్రివెంట బజారునకు పోయినచో, ఏది న్యాయముగ తీసివేయదగినదో, ఏది కాదో అడిగి తెలిసికొనగలడు. జమ్మికుంటలో పత్తి తూచినను, కరీంనగరమున వడ్లు తూచినను లెక్క ఇదియే.

విద్యార్థులారా, ఈ ‘నెట్’ అను మాటలో ‘నీట్’ యొక్క ఆయువుపట్టు దాగియున్నది. చేర్చుటచేత నెట్ రాదు. తనది కానిదానిని తీసివేయుటచేత వచ్చును. ‘నీట్’ కూడ ఇట్టిదే.

మరియొక ప్రయోగమును చూడుడు. ఔషధములు, ఆమ్లములు, మద్యములు మొదలగువానిని నీరు మొదలగు ఏ ద్రవమును కలుపక వాడినచో ‘నీట్’ అందురు. మన చెవికి ‘నీటితో’ అనినట్లు వినబడు మాటకు ఇంగ్లీషున ‘నీరు కలుపక’ అని అర్థము! ఇది నవ్వుకొని విడువదగిన సంగతి కాదు. క్రిమిసంహారక ద్రవముల సీసాలమీద దానిని నీట్‌గా వాడరాదని వ్రాసియున్నచో, తగినంత నీరు కలిపిన పిమ్మటనే వాడవలెనని భావము. అర్థము తెలియక అట్లే పూసికొన్నచో చర్మము మండి పుండుపడవచ్చును. ఒక విశేషణపు అర్థము తెలియుట ఒక్కొక్కప్పుడు ఒంటికి రక్ష.

మన నోటి మాటలు

కరీంనగరము, ఆదిలాబాదు సీమలు 1948 వరకు నిజాముల పాలనలోనుండుటచేత ఉర్దూ మాటలు ఇచ్చటి తెలుగులో గాఢముగ కలిసినవి. అందుచే పరిశుభ్రతను తెలుపుటకు మనకు పలుమాటలు సిద్ధముగనున్నవి. ‘ఇల్లు సాఫు చేయుము’ అనునప్పటి ‘సాఫు’ అరబ్బీనుండి ఉర్దూ మార్గమున వచ్చినది. కలంకము లేనిది, తేటయైనది అని అర్థము. ‘సఫాయి’ దాని బంధువే. సూర్యోదయమునకు ముందే మన వీధులనూడ్చు సఫాయి కార్మికుల పేరునందు ఆ మాట గౌరవముగ నిలిచియున్నది. ‘స్వచ్ఛము’ అనగా మిక్కిలి తేటయైనది. ‘నిర్మలము’ అనగా మలము తొలగినది.

ఇంగ్లీషునందును ఇట్లే సమీపార్థములుగల మాటలు కలవు. ‘క్లీన్’ అనగా మురికి లేనిది. ‘టైడీ’ అనగా ఏ వస్తువు ఆ వస్తువు దాని చోటనున్నది. ఈ మాట కాలమను అర్థముగల ‘టైడ్’నుండి వచ్చి, మొదట వేళకు జరిగినది అను భావమును తెలిపి, తరువాత క్రమమును తెలిపెను. ‘నీట్’ ఈ రెంటికిని మించి, అనవసరమైనది ఏదియు లేక పొందికగనున్నదని తెలుపును. ఉతికి కుప్పగ పడవేసిన బట్టలు క్లీన్. వానిని మడిచి అరలో పెట్టినచో టైడీ. ముడుత లేక, గుండీ ఊడక, ఒంటికి కుదురుగ ధరించినచో నీట్.

ప్రయోగములు

కొన్ని వాడుకలను అభ్యసింపుడు. ‘నీట్ హాండ్‌రైటింగ్’ అనగా అక్షరములు సమముగ, స్పష్టముగనున్న వ్రాత. ‘ఎ నీట్ ఆన్సర్’ అనగా చుట్టుతిరుగుడు లేక సూటిగ చెప్పిన జవాబు. ‘ఎ నీట్ ప్రూఫ్’ అనగా వ్యర్థమైన మెట్టొక్కటియు లేని రేఖాగణిత నిరూపణము. క్రియకు విశేషణముగ ‘నీట్‌లీ’ అనవలెను: ‘షి రైట్స్ నీట్‌లీ’. గుణమును తెలుపుటకు ‘నీట్‌నెస్’. తరతమ భేదములు ‘నీటర్, నీటెస్ట్’. అమెరికావారి వాడుక మాటలలో ‘నీట్’ అనగా బాగున్నది అని మాత్రమే అర్థము; పరీక్షలో అట్టి వాడుక తగదు.

1755లో ప్రకటింపబడిన తన ప్రసిద్ధ నిఘంటువునందు డాక్టరు శామ్యూల్ జాన్సన్ ఈ మాటకు సొగసు గలదియే గాని ఘనత లేనిది అను భావమును మొదట చెప్పెను. అనగా రాజమందిరపు వైభవమునకు ‘నీట్’ అను మాట చాలదు. అలికి ముగ్గుపెట్టిన పూరిపాకకు సరిగ సరిపోవును.

నీటు వేరు, నీట్ వేరు

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కునకు వత్తము. బడిలో ‘రేపు నీట్‌గా రావలెను’ అని చెప్పుదురు. బిడ్డ ఇంటికి పోయి ఆ మాట చెప్పును. తల్లి చెవికది ‘నీటుగా’ అని వినబడును. నీటు అనగా సొగసు, ఒయ్యారము. కావున క్రొత్త బట్టలు కావలెనేమో, క్రొత్త చెప్పులు కావలెనేమో అని ఆమె కలతపడును. చేతిలో కాసులేని నెలలో అప్పుచేయుదురు. లేదా సిగ్గుపడి ఆ దినము బిడ్డను బడికి పంపక నిలుపుదురు. ఒక్క అచ్చుతో కలిగిన ఈ పొరపాటువలన బిడ్డ చదువు ఒక దినము చెడుచున్నది.

తల్లులారా, తండ్రులారా! ఉపాధ్యాయుడు కోరునది నీటు కాదు, నీట్. రాత్రి ఉతికి ఆరవేసిన ఒకే చొక్కా, చినిగినచోట సమముగ వేసిన కుట్టు, కుంకుడుకాయతో రుద్దుకొని దువ్వుకొనిన తల, తీసిన గోళ్లు — ఇవి నీట్. మాసిక ఉన్నందువలన బట్టకు నీట్‌నెస్ పోదు. మురికి ఉన్నందువలననే పోవును. పట్టుబట్టయైనను మాసినచో నీట్ కానేరదు.

ఈ భేదమును మన మిషనుల పూర్వికులును ఎరుగుదురు. 19వ శతాబ్ది చివరి భాగమునుండి ఈ సీమలలో పనిచేసి, 1947లో దక్షిణ ఇండియా సంఘమున చేరిన వెస్లియను మిషను ఏ మహనీయుని పేర వెలసెనో ఆ జాన్ వెస్లీ, వస్త్రధారణను గూర్చిన తన ప్రసంగమున ఒకవంక వ్యర్థమైన వెలగల అలంకారములను నిషేధించి, మరియొకవంక అశుభ్రత భక్తిలో భాగము కానేకాదనియు, వస్త్రముల నీట్‌నెస్ పాపము కాక విధియనియు బోధించెను. నీటును కాదని నీట్‌ను ఔనని చెప్పుట ఇదియే గదా!

మన కరీంనగరపు వెండి తీగపని ఈ సంగతిని కన్నులకు కట్టించును. ఎలగందులలో మొదలై కరీంనగరమునకు వచ్చినదని చెప్పబడు ఈ పనియందు పనివాడు వెండిని సన్నని తీగగ లాగి, మెలివేసి, ఆకులుగను లతలుగను అతికి, పెట్టెలను పళ్లెరములను చేయును. గాలిలోని గంధకపు వాయువులు సోకి వెండి కాలక్రమమున నల్లబడును. దానిని మెరిపింపవలెనన్న పైన రంగు పూయరు, నలుపును తీసివేయుదురు. మెరుగు లోపలి వెండిలోనే యున్నది. ‘నితిదుస్’ అను లాటిను మాటకు అర్థము లాటిను రాని మన కంసాలికి చేతిపనివలన తెలిసినది.

వ్రాతపుస్తకములోని నీట్‌నెస్

విద్యార్థులలో మరియొక అపార్థము కలదు. కొట్టివేత కనబడినచో నీట్‌నెస్ పోవునని భయపడి కొందరు పుటలను చింపివేయుదురు. కొందరు తప్పగునేమోయను శంకతో కఠినమైన లెక్కను ముట్టక, తెలిసినదానినే అందముగ తిరిగి వ్రాయుదురు. మరికొందరు తోటివాని శుద్ధప్రతిని చూచి దించుకొందురు. ఇట్టి పుస్తకము చూపులకు ముచ్చటగొలుపును గాని ‘పైన పటారము, లోన లొటారము’ అను సామెతకు తార్కాణమగును.

నీట్ అనగా తనది కానిదానిని తీసివేయుట అని తెలిసికొంటిమి. దించుకొనిన జవాబు వ్రాసినవానిది కాదు. కావున నీట్ కాదు. తప్పుమీద ఒక్క గీత సమముగ గీచి, దాని ప్రక్కన సరియైన దానిని వ్రాసినచో అది నీట్. ఆ గీత తప్పును తొలగించినది, ప్రయత్నమును దాచలేదు. దిద్దుకొనిన పుటను చూచి ఉపాధ్యాయుడు శిష్యుని మనస్సు ఏ త్రోవను నడిచెనో గ్రహించి సాయపడగలడు. చింపివేసిన పుటలో గ్రహించుటకేమియు లేదు.

మాటకుగల ఎల్ల

ఇన్ని చెప్పినను ఈ విశేషణమునకు ఒక ఎల్ల కలదు. నీట్ అనునది కన్ను ఇచ్చు తీర్పు. కన్ను చూడలేనివి లోకమున పెక్కులున్నవి. 1854లో లండను నగరపు బ్రాడ్ వీధియొద్ద వాంతిభేది వ్యాపించి కొలది వారములలో ఆరువందలకు పైబడి జనులు మరణించిరి. ఆ వీధిలోని పంపు నీరు తేటగ, రుచిగ నుండునని పేరు. దూరమునుండి తెప్పించుకొని త్రాగినవారును కలరు. ఆ నీరే చావునకు కారణమని డాక్టరు జాన్ స్నో ఇంటింటి లెక్క తీసి నిరూపించి, పంపు పిడిని తీయించెను. 1884లో డాక్టరు రాబర్ట్ కోక్ కలకత్తాయందు ఆ వ్యాధి క్రిములను సూక్ష్మదర్శినితో చూపి స్థిరపరచెను. చూపునకు నితిదుస్ అయిన నీరు లోపల విషమైయుండెను.

మన పల్లెలలోను ఇత్తడి బిందె చింతపండుతో తోమి బంగారమువలె మెరిపింతురు. బిందె నీట్. కాని వానకాలమున క్రొత్తనీరు దిగిన బావినుండి తెచ్చిన నీటిని కాచి వడబోయక దానిలో పోసినచో, బిందె మెరుగు అతిసారమును ఆపజాలదు. గిన్నె వెలుపల కడిగి లోపల విడుచువారిని క్రీస్తు ప్రభువు మందలించిన సంగతి మత్తయి సువార్త చదివినవారందరికి తెలిసినదే. ‘ఇల్లు అలకగానే పండుగ కాదు’ అని మన పెద్దలును చెప్పిరి. అలుకవలదని ఆ సామెత చెప్పుటలేదు. అలికిన పిమ్మట చేయవలసిన పని మిగిలియున్నదని చెప్పుచున్నది.

కావున బాలబాలికలారా! ఇకమీదట మీ పుస్తకముమీద ‘నీట్’ అను మాట కనబడినపుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఉండరానిదానిని తీసివేసితినా? మిగిలినది నిజముగ నాదేనా? ఈ రెంటికిని ఔనని చెప్పగలిగినచో మీ చొక్కా పాతదైనను, మీ పుటలో గీతలున్నను, ఆ మాట మీకు తగును. ఇంటికి పోయి ఈ రెండు మాటల భేదమును మీ తల్లిదండ్రులకు చదివి చెప్పుడు. నీటునకు రొక్కము కావలెను. నీట్‌కు నీరు, ఓపిక, సత్యము చాలును.